తెలుగు చదవడానికి ఈ-బుక్ రీడర్ ఎలా ఎంచుకోవాలి?

కిండిల్ కొనాలా, కోబో కొనాలా, బూక్స్ కొనాలా అని అడిగేవాళ్లంతా స్టోరేజీ ఎంత, బ్యాటరీ ఎన్ని వారాలు అనే దగ్గరే ఆగిపోతారు, తెలుగు అక్షరం దాంట్లో సరిగ్గా పడుతుందా లేదా అన్నది మాత్రం డబ్బులు కట్టాక చూస్తారు. అలా కొని బీరువాలో పడేసినవాళ్లని చాలామందిని చూశా, అందుకే చెప్తున్నా.

ముందు సైజు. మీ దగ్గరున్నవి ఎక్కువగా ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే స్కాన్ పీడీఎఫ్‌లైతే 6 అంగుళాలది అసలొద్దు, వత్తులు కంటికి ఆనవు. 10.3 అంగుళాల స్క్రీన్ మన మామూలు డెమ్మీ సైజు పేజీకి దాదాపు సరిపోతుంది. ఈపబ్‌లు (అక్షరాల సైజు మార్చుకోగలిగే ఈ-బుక్ ఫైళ్లు) చదివేవాళ్లకి 7 అంగుళాలు, అంతకంటే చిన్నది కొనకూడదు. 300 పీపీఐ (అంగుళానికి చుక్కలు), పసుపు లైటు, పేజీ తిప్పే బటన్లు ఉండాలి. కలర్ వద్దు. కలర్ రీడర్లలో ఎక్కువగా వాడే కలైడో 3 స్క్రీన్‌లో రంగు 150 పీపీఐకి పడిపోతుంది, పైగా తెల్ల కాగితం బూడిదరంగులో కనిపిస్తుంది, నవలలకి రంగెందుకు?

ఇక అసలు పని, తెలుగు టెస్ట్. దీన్ని పీడీఎఫ్‌తో చేయకండి. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు, చోటు ముందే ఖాయమైపోయి ఉంటాయి కాబట్టి ఏ డివైస్‌లోనైనా బాగానే కనిపిస్తాయి, దాన్ని చూసి తెలుగు వచ్చేసిందని సంబరపడిపోతారు. ఫోన్‌లో కిండిల్ యాప్ తెరిచి చూడటం కూడా టెస్ట్ కాదు, అక్కడ తెలుగుని చూపించేది ఫోన్.

ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్‌లో ఏదైనా తెలుగు పుస్తకం ఈపబ్‌గా దించుకోండి, అదే ఫైలు అన్ని డివైస్‌లలోనూ వేయండి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం లాంటి మాటలు వెతికి చూడండి. 'స్త్రీ' అనే మాట ఫైల్లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలుగా ఉంటుంది, వాటిని కలిపి వత్తుల్ని కింద పెట్టాల్సింది రీడర్‌లోని సాఫ్ట్‌వేర్. ఆ తెలివి దానికి లేకపోతే 'స్‌ త్‌ రీ' అని విడివిడిగా పడుతుంది, లేదా చుక్కల సున్నా వస్తుంది, ఎంత మంచి ఫాంట్ ఎక్కించినా బాగుపడదు. ఒక్క పేజీ చూసి వదిలేయకండి. ఫాంట్ మార్చి చూడండి, అక్షరాలు పెద్దవి చేసి చూడండి, లైబ్రరీ లిస్టులో పుస్తకం పేరు ఎలా పడిందో చూడండి, ఒక వాక్యం హైలైట్ చేసి చూడండి. లోపల బాగున్నా లిస్టులో పేర్ల బదులు డబ్బాలు వస్తే వంద పుస్తకాల్లో మీది ఏదో ఎలా తెలుస్తుంది? ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ మోడల్ ఉన్నవాళ్లకి ఇదే ఫైలు పంపి ఫోటో తీసి పెట్టమనండి, రివ్యూలు నమ్మొద్దు, వాళ్లలో తెలుగు పెట్టి చూసేవాళ్లు అరుదు.

నా ఓటు కోబోకే. జైల్‌బ్రేక్ (కంపెనీ వేసిన తాళం విడగొట్టడం) తలనొప్పి లేకుండా కేఓరీడర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోవచ్చు, అది హార్ఫ్‌బజ్ (అక్షరాల్ని కలిపి పేర్చే సాఫ్ట్‌వేర్) వాడుతుంది కాబట్టి వత్తులు చక్కగా కూర్చుంటాయి, మండలి అనే తెలుగు ఫాంట్ వేస్తే కళ్లకి హాయి. బూక్స్‌లో ఆండ్రాయిడ్ ఉంటుంది, తెలుగుకి ఇబ్బంది తక్కువే కానీ చదవాల్సిన దాంట్లో యాప్‌లు, నోటిఫికేషన్‌లు నాకు నచ్చవు. కిండిల్ ఈపబ్‌ని నేరుగా తెరవదు, అమెజాన్ వాళ్ల సెండ్ టు కిండిల్ సర్వీసుతో పంపాలి. అక్కడ కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు కూడా 2025 ఫిబ్రవరి 26న తీసేశారు. ఇంగ్లిష్ పుస్తకాలే ఎక్కువ కొనేవాళ్లయితే కిండిల్ తీసుకోండి.

డీటీపీలో వాడే అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లని మాత్రం కాలిబర్ అనే ఫైళ్లు మార్చే ప్రోగ్రామ్‌లో ఈపబ్‌గా మార్చాలని చూడకండి, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల కోడ్) కాదు, పిచ్చి గుర్తులే వస్తాయి. విదేశం నుంచి తెప్పించుకుంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని ముందే అడగండి. డబ్బా వచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, ఆ ఈపబ్ వేసి మళ్లీ పై టెస్ట్ మొత్తం చేయండి, స్క్రీన్‌గార్డు ఆ తర్వాతే అంటించండి.