క్రేయాన్ రంగులు, 4వ పాఠం: మామిడికాయ మీద పసుపు ఎందుకు పట్టలేదు?

పోయిన పాఠంలో తోతాపురి మామిడికాయకు రంగు వేయమన్నాను. ఈసారి అలిపిరి దగ్గర నుంచి కనిపించే శేషాచలం కొండలు వేద్దామనుకున్నాను. మీరు పంపిన కాయలు చూశాక కొండ ఎక్కే ఆలోచన మానుకున్నాను. మళ్లీ కాయ దగ్గరికే వద్దాం.

దాదాపు అందరిదీ ఒకటే తప్పు. ముందు ఆకుపచ్చను గట్టిగా అదిమి, నిగనిగలాడేలా నింపేశారు. తర్వాత కాయ బుగ్గ మీద పసుపు రుద్దారు. పసుపు పట్టలేదు సరికదా, ఆ క్రేయాన్ మొనే ఆకుపచ్చగా తయారైంది. ఒకరైతే "సార్, నా పసుపు కల్తీదేమో" అన్నారు. కల్తీ కాదమ్మా, చెయ్యి బరువు.

క్రేయాన్ అంటే పారఫిన్ మైనంలో కలిపిన రంగు పొడి. కాగితం చూడటానికి నున్నగా ఉన్నా దాని మీద కంటికి ఆనని గుంతలు ఉంటాయి. మైనం వాటి అంచులకు గీసుకుని అక్కడ నిలుస్తుంది. గట్టిగా అదిమితే గుంతలన్నీ ఒక్క దెబ్బకు పూడిపోతాయి. ఇక రెండో రంగుకు పట్టు దొరకదు. గరుకు గోడకు సున్నం పడుతుంది, బాత్రూమ్ టైల్‌కు పట్టదు. మీరు మొదటి పూతలోనే టైల్ వేసేశారు. బొమ్మ మెరిసిందంటే చాలామంది మురిసిపోతారు. నాకు మాత్రం అక్కడే ఒళ్లు మండుతుంది. మెరుపు వచ్చిన చోట ఇక పని లేనట్టే.

"కలంకారీలో ముందు నలుపే వేస్తారు కదా, మనం ఎందుకు వేయకూడదు?" అని మరొకరు అడిగారు. మంచి ప్రశ్న. శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీత గీస్తే అది కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. తర్వాత పటిక పెట్టి, రంగులో ఉడికించి, ఉతుకుతారు. అందుకే పక్కన పారే స్వర్ణముఖి నది అంత అవసరం. అక్కడ రంగు నూలులోకి దిగుతుంది, మిగిలింది నీళ్లలో పోతుంది. మన మైనం ఎక్కడికీ దిగదు, ఏ నీళ్లకూ పోదు. పైనే కూర్చుంటుంది. కాబట్టి మనకు లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత.

అసలు ఈ అదిమే బుద్ధి క్రేయాన్ పుట్టుకలోనే ఉందేమో అనిపిస్తుంది. అమెరికాలో బిన్నీ, స్మిత్ అనే ఇద్దరు బంధువుల కంపెనీ పశువుల కొట్టాలకు వేసే ఎర్ర రంగు, దీపపు మసి లాంటి నల్ల పొడి అమ్మేది. సరుకు పెట్టెల మీద గుర్తులు వేసే నల్ల మైనపు కడ్డీ కూడా చేసేది. దానితో గట్టిగానే గీయాలి మరి. 1903లో పిల్లల కోసం ఎనిమిది రంగుల పెట్టె తెచ్చి ఐదు సెంట్లకు అమ్మారు. క్రేయోలా అన్న పేరు పెట్టింది బిన్నీ భార్య ఆలిస్. మీరు మామిడికాయను సరుకు పెట్టె అనుకున్నారు, అంతే తేడా.

ఇప్పుడు సరిగ్గా వేద్దాం. క్రేయాన్‌కు చుట్టిన కాగితం ఊడదీయండి. రెండు ముక్కలు చేయండి. కొత్త పెట్టె పాడవుతుందని బాధపడేవాళ్లు పాత ముక్కలు తీసుకోండి. ముక్కను పడుకోబెట్టి, పక్కవైపుతో కాయ మొత్తం మీద పసుపు తేలిగ్గా ఆడించండి. కాగితం తెల్లగా ఇంకా కనబడాలి. దాని మీద తొడిమ వైపు నుంచి లేత ఆకుపచ్చ, సగం దాకా. ఆ తర్వాత నీడ పడే పక్కన ముదురు ఆకుపచ్చ, కొంచెమే. చివరగా మళ్లీ పసుపుతో ఒక్కసారి, ఈసారి అదిమి. ఈ చివరి పూతే రంగులను కలుపుతుంది. అదమడం ఇక్కడే, ఒక్కసారే.

నలుపు వాడకండి. నేను పెట్టె కొనగానే దాన్ని తీసి పక్కన పడేస్తాను. ముదురు నీలం, గోధుమ రంగు కలిపితే నాకు చాలు.

అంగడిలో "క్రేయాన్స్" అంటే ఆయిల్ పాస్టెల్స్ ఇచ్చేస్తారు. అవి మెత్తగా, జిడ్డుగా ఉంటాయి, ఈ పాఠం వాటికి కుదరదు. పెట్టె మీద చదివి కొనండి. మే నెలలో స్కూటర్ డిక్కీలో పెట్టారంటే ఎనిమిది రంగులూ ఒకే ముద్దవుతాయి. నాకు అయింది.

ఇంటిపని: ఒకే కాగితం మీద పన్నెండు మామిడికాయలు, మూడే రంగులతో. ఒక్కొక్కటి పూర్తయ్యాక కాగితాన్ని కిటికీ వైపు వంచి చూడండి. చివరి పూతకు ముందే ఎక్కడైనా మెరిస్తే ఆ కాయ లెక్కలోకి రాదు, ఇంకొకటి వేయాలి. పన్నెండూ వచ్చినవాళ్లే కొండకు రండి.