మిర్చి బండి నూనెతో జీపు ప్రయాణం: హన్మకొండ నుంచి కేస్లాపూర్ దాకా

వాడేసిన వంటనూనెతో బండి ఎలా నడుస్తుందని ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే, ముందు వాళ్లను పెరట్లోకి తీసుకెళ్లి గోడవారగా ఎండలో పెట్టిన డబ్బాలు చూపిస్తాను. జీపు తర్వాత. బండికి చేయించే మార్పులు మూడు నాలుగు రోజుల పని, ఒకసారి చేయిస్తే అయిపోతుంది. నూనెను తేర్చడం, వడకట్టడం మాత్రం బండి నడిపినంత కాలం చేస్తూనే ఉండాలి. దారిలో ఆగిపోతామా లేదా అన్నది ఆ డబ్బాల దగ్గరే తేలిపోతుంది.

1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజన్‌ను పల్లీ నూనెతో నడిపి చూపించారు. ఆ తర్వాత నూరేళ్లలో ఇంజన్లన్నీ పల్చటి డీజిల్‌కు తగ్గట్టు తయారయ్యాయి. వంటనూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది, అంత చిక్కటిది ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే నాజిల్‌లోంచి సన్నటి తుంపరగా రాదు, సగం కాలీ కాలక లోపల మసి కడుతుంది. 70, 80 డిగ్రీల దాకా వేడి చేస్తే పల్చబడి పని చేస్తుంది. మనం చేసేదంతా ఆ వేడి కోసమే.

అందుకే ఏ బండి పడితే ఆ బండి పనికిరాదు. కామన్ రైల్ ఇంజన్ (బాగా ఎక్కువ ఒత్తిడితో ఇంధనం చిమ్మే కొత్త రకం) ఉన్న బండిలో పొరపాటున కూడా పోయకండి, పంపు, నాజిళ్లు పోతే ఆ ఖర్చుకు పాత జీపు ఇంకోటి వస్తుంది. పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు, అంటే ఇంధనాన్ని ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మే రకం కావాలి: మహీంద్రా పాత జీపుల్లో వచ్చిన ప్యూజో ఇంజన్, మొదటి తరం టాటా సుమోలో వచ్చిన రెండు లీటర్ల ఇంజన్ లాంటివి. డీజిల్ పంపు ఇన్‌లైన్ రకమైతే (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో చిన్న పంపు వరసగా ఉండేది) ఇంకా మంచిది, అన్నింటికీ ఒకే పంపు తిరుగుతూ పంచే రోటరీ పంపులు చల్లటి చిక్కటి నూనెను లాగలేక విరుగుతాయి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం) తగ్గి తెల్లపొగ కక్కే ఇంజన్‌కు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, ముందు దాన్ని బాగు చేయించండి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం వేరే ఇంధనంతో నడిచేలా బండికి కిట్ బిగిస్తే దానికి అనుమతి ఉండాలి, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. ఆర్‌సీలో లేని మార్పుతో తిరిగితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందే ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. పదిహేనేళ్లు దాటిన బండైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చూసుకోండి.

ఇక నూనె. 2018 జులై నుంచి ఉన్న ఫుడ్ సేఫ్టీ నిబంధన ప్రకారం టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనెలో వంట చేయకూడదు. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే పెద్ద హోటళ్లు రికార్డు రాయాలి, వాడిన నూనెను అనుమతి ఉన్న ఏజెన్సీలకే ఇవ్వాలి, అక్కడికి వెళ్లి అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టకండి. మనకు దొరికేది చిన్న బండ్ల దగ్గర, ఇళ్లలో. నేను మొదటిసారి ఒక మిర్చి బండి దగ్గర అడిగితే ఆమె నా ముఖం, జీపు రెండూ చూసి, "తీస్కపో బిడ్డా, డబ్బా మాత్రం కడిగి తెచ్చియ్యి" అన్నది. అప్పటి నుంచి కడిగిన డబ్బా ఇచ్చి నిండు డబ్బా తెచ్చుకుంటున్నాను, ఎంతో కొంత డబ్బు కూడా ఇస్తాను. వాళ్లు ఊరికే ఇచ్చినా మీరు డబ్బు ఇవ్వండి, ఎందుకంటే ఆ నూనె మన దగ్గరికి రాకపోతే మళ్లీ ఎవరో ఒకరి మూకుట్లోకే పోతుంది, అది తినేది మన పిల్లలే.

అన్ని నూనెలూ ఒకటి కావు. చికెన్, చేపలు వేయించిన నూనెలో నీళ్లు, కొవ్వు ఎక్కువ, నేను తీసుకోను. మిర్చీల నూనెలో శనగపిండి మడ్డి దండిగా ఉంటుంది కానీ అది కిందికి దిగిపోతుంది. అన్నింటికంటే మంచిది సంక్రాంతికి సకినాలు, గారిజెలు చేసిన ఇళ్లలో మిగిలే నూనె, పల్లీ నూనె అయితే మరీ మంచిది. బయట బండ్ల మీద ఎక్కువగా వాడే పామాయిల్ చలికి పేరుకుంటుంది. సన్‌ఫ్లవర్ పేరుకోదు కానీ గాలి తగిలితే తొందరగా జిగురు కడుతుంది. ఘాటుగా ముక్కిపోయిన వాసన వస్తే ఏ నూనె అయినా వదిలేయండి, అందులో ఆమ్లం పెరిగి పంపును తినేస్తుంది.

తెచ్చిన డబ్బాను కదిలించకుండా కనీసం రెండు వారాలు ఎండలో పెట్టండి, మూత గట్టిగా ఉండాలి. మన ఎండాకాలం ఈ పనికి వరం, మే నెలలో నల్లరంగు వేసిన డ్రమ్ము చేయి పెట్టలేనంత కాగుతుంది, లోపలి మడ్డి, నీళ్లు వాటంతట అవే అడుక్కి చేరతాయి. తర్వాత పైనుంచి పైపుతో తీయాలి, అడుగున బెత్తెడు నూనె వదిలేయాలి. ఆ బెత్తెడు మీద ఆశపడితే పైదంతా పాడవుతుంది.

ఇప్పుడు నీళ్ల పరీక్ష. చిన్న మూకుడు బాగా వేడి చేసి, కాస్త దూరం జరిగి చెంచాడు నూనె వేయండి. నిశ్శబ్దంగా పరుచుకుంటే సరే. అంచుల్లో సన్నటి బుడగలు లేచి చిటపటమన్నదంటే చెమ్మ ఉన్నట్టే, ఇంకో వారం ఎండలో పెట్టాల్సిందే. తొందరపడి డబ్బాను పొయ్యి మీద మరిగించి నీళ్లు తీసేద్దామని చూడకండి, అడుగున ఉన్న నీళ్లు ఒక్కసారి ఆవిరైతే కాగిన నూనె మీద పడుతుంది.

చెమ్మ లేదని తేలాక మందపాటి నూలు గుడ్డలో, తర్వాత 5 మైక్రాన్ల బ్యాగులో, చివర 1 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి. చలికాలం ప్రయాణానికైతే తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే వడకట్టండి, పేరుకునే కొవ్వంతా గుడ్డ మీదే నిలిచిపోతుంది. వేడిగా వడకడితే అదే కొవ్వు గుడ్డలోంచి జారిపోయి రేపు బండి ఫిల్టర్‌లో గడ్డకడుతుంది. రాగి, జింక్ పూత ఉన్న పాత్రలు వాడకండి, స్టీలు లేదా గట్టి ప్లాస్టిక్ డబ్బాలే వాడండి. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు, నీళ్లలో తడిపి విడిగా ఆరేయండి.

బండిలో రెండు ట్యాంకులు ఉండాలి. ఒకటి డీజిల్‌కు, ఒకటి నూనెకు. రేడియేటర్‌కు పోయే వేడినీళ్ల పైపును నూనె ట్యాంకులోంచి, ఫిల్టర్ పక్క నుంచి తిప్పి తేవాలి, మధ్యలో ఇటూ అటూ మార్చే వాల్వు పెట్టాలి. రిటర్న్ లైన్ (ఇంజన్ వాడగా మిగిలిన ఇంధనాన్ని ట్యాంకుకు తిరిగి తెచ్చే పైపు) కూడా దాంతోపాటే మారాలి, ఈ సంగతి మెకానిక్‌కు రెండుసార్లు చెప్పండి, లేకపోతే నూనె డీజిల్ ట్యాంకులోకి చేరుతుంది. బండి ఎప్పుడూ డీజిల్ మీదే స్టార్ట్ చేయాలి, ఇంజన్ బాగా వేడెక్కాక నూనెకు మార్చాలి, మామూలుగా పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఆపడానికి ఐదు నిమిషాల ముందు మళ్లీ డీజిల్‌కు రావాలి. టీ కోసం ఆపినా అంతే. నూనె మీద బండిని ఊరికే ఆన్‌లో ఉంచడం మంచిది కాదు, లోడు మీద నడిస్తేనే శుభ్రంగా కాలుతుంది.

ఒక జనవరిలో ఆదిలాబాద్ జిల్లాలో గోండులు జరుపుకునే నాగోబా జాతరకు కేస్లాపూర్ బయల్దేరాం. కరీంనగర్ మీదుగా వెళ్లి రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం అడవి దాటే దాకా ఏ ఇబ్బందీ లేదు. రాత్రి ఉట్నూర్‌లో పడుకున్నాం. పొద్దున డీజిల్ మీద సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, పది నిమిషాలకే నేను తొందరపడి వాల్వు తిప్పాను. రెండు కిలోమీటర్లు పోయాక బండి గుంజడం మానేసి ఆగింది. ఫిల్టర్ గిన్నె విప్పితే లోపల పేరిన నెయ్యి, తెల్లగా, వేలితో తీస్తే ముద్దగా వచ్చింది. అంతా పామాయిలే. పక్కన టీ కొట్టాయన బక్కెట్లో వేడినీళ్లు ఇస్తే గుడ్డ ముంచి ఫిల్టర్‌కు చుట్టి, పైపులకు చుట్టి, గిన్నె కడిగి, పైపుల్లో చేరిన గాలి తీసి స్టార్ట్ చేసేసరికి గంటన్నర పట్టింది. ఆదిలాబాద్ వైపు చలికాలం రాత్రుళ్లు పది డిగ్రీల కిందికి పోతుంది. కాబట్టి డిసెంబర్, జనవరి నెలల్లో అటు వెళ్లేటట్టయితే నూనెలో మూడో వంతు డీజిల్ కలపండి, గేజ్‌లో వేడి కనిపించేదాకా వాల్వు జోలికి పోకండి.

లెక్క కూడా ముందే వేసుకోండి. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే జీపు నూనె మీద ఒకటి తక్కువే ఇస్తుంది. కేస్లాపూర్ పోయి రావడానికి ఐదు వందల కిలోమీటర్లు అనుకుంటే 55 నుంచి 60 లీటర్లు, అంటే ఇంట్లో వడకట్టిన నాలుగు డబ్బాలు. దారిలో ధాబాల దగ్గర దొరికే నూనె తీసుకోండి కానీ అప్పటికప్పుడు ట్యాంకులో పోయకండి, అందులో ఎన్ని నీళ్లున్నాయో రోడ్డు మీద తేలదు. నూనె సరిపోకపోతే డీజిల్ బంకుకు పోండి. బండిలో రెండు స్పేర్ ఫిల్టర్లు, స్పానర్లు, పాత గుడ్డలు, ఒక సంచిలో వడ్ల ఊక పెట్టుకోండి. రోడ్డు మీద నూనె ఒలికితే వెంటనే ఊక చల్లి ఊడ్చేయాలి, వెనక వచ్చే బైకు జారిపోతుంది.

ఇంజన్ ఆయిల్‌ను మామూలుగా మార్చే దూరంలో సగానికే మార్చండి. కాలని వంటనూనె పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌తో కలిసి గంజిలా చిక్కబడుతుంది. రోజూ పొద్దున డిప్‌స్టిక్ చూడండి, మట్టం పెరిగినట్టు కనిపిస్తే ఆ రోజుకు డీజిల్ మీదే నడిపి ఆయిల్ మార్చేయండి.

అడుగున మిగిలిన మడ్డిని నాలాలో పోయకండి, మట్టిలో కలిపి పెంటకుప్పలో కొద్దికొద్దిగా వేస్తే కుళ్లిపోతుంది. దారిలో తెచ్చిన డబ్బాల మీద ఊరు పేరు, తేదీ సుద్దతో రాసి ఎండలో పెట్టండి. నా పెరట్లో ఇప్పుడు జన్నారం అని రాసినవి రెండున్నాయి, వాటి రెండు వారాలు వచ్చే ఆదివారానికి నిండుతాయి.