రోజూ తిరిగే కారుకు పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్ ఎలా ఎంచుకోవాలి?

క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజను వాల్వ్‌లను తెరిచే ఉబ్బులు (లోబ్‌లు) ఉన్న కడ్డీ. దాని కేటలాగ్ తెరిచేముందు ఓ వారం పాటు ఆఫీసుకు వెళ్లొస్తూ, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో (ఆర్పీఎం) చూపే టాకోమీటర్ మీద కన్నేసి ఉంచండి. బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ముల్లు 3000 దాటేది ఎన్నిసార్లు? శుక్రవారం రాత్రి ఎన్‌హెచ్ 44 ఎక్కి అనంతపురం వైపు పోయినా, టాప్ గేరులో వంద మీద మామూలు పెట్రోలు కారు ఆ 3000 చుట్టుపక్కలే తిరుగుతుంది. టర్బో లేని బండికి క్యామ్ ఎంపిక ఇక్కడే మొదలవుతుంది. 7000 దగ్గర వచ్చే పవర్ ఎంత గొప్పగా ఉన్నా, ముల్లు అక్కడికి పోనప్పుడు అది మీది కాదు.

బెంగళూరుకు ఇంకో లెక్క ఉంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలో ఇంజను ఇచ్చే శక్తిలో సుమారు పదో వంతు ఇక్కడి పలచటి గాలికే పోతుంది. దాని మీద పెద్ద క్యామ్, అంటే వాల్వ్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచేది, వేస్తే మిగిలిన కాస్త పికప్పూ చస్తుంది.

ఎలాగంటే, డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉన్నంతసేపు క్రాంక్‌షాఫ్ట్ తిరిగే డిగ్రీలు) పెరిగేకొద్దీ, గాలీ పెట్రోలూ లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. సెంటర్‌లైన్ (పిస్టన్ పై అంచు నుంచి ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే దాకా డిగ్రీలు) 110 అనుకుంటే, 264 డిగ్రీల క్యామ్‌తో పిస్టన్ అడుగుకు చేరాక 62 డిగ్రీలకు మూసుకుంటుంది. 288 అయితే 74కి. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు, పైకొచ్చే పిస్టన్ అప్పుడే పీల్చిన మిశ్రమాన్ని మళ్లీ మానిఫోల్డ్‌లోకే (గాలి వచ్చే గొట్టంలోకే) నెట్టేస్తుంది. పై ఆర్పీఎంలో గాలికి ఊపు ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యమే లాభం.

ఓవర్‌ల్యాప్, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ ఒకేసారి తెరిచి ఉండే డిగ్రీలు, మీరే లెక్కకట్టుకోవచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్ల సగటులోంచి లోబ్ సెపరేషన్‌కు (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల శిఖరాల మధ్య కోణానికి) రెట్టింపు తీసేయండి. 264 క్యామ్‌కు సెపరేషన్ 112 అయితే 40 డిగ్రీలు. 288కి 108 అయితే 72. ఈ రెండోదానితో ఐడిలింగ్‌లో బండి ఊగుతుంది, పొల్యూషన్ టెస్టులో హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. ఆ గుడగుడ చప్పుడు కోసమే క్యామ్ మార్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఈ లెక్కలతో పని లేదు.

రెండు క్యామ్‌లను పోల్చేటప్పుడు డ్యూరేషన్ ఎక్కడ కొలిచారో చూడండి. ఒకరు అడ్వర్టైజ్డ్ అంకె (వాల్వ్ కాస్త కదలగానే కొలిచింది) వేస్తారు, ఇంకొకరు 1 మిల్లీమీటరు లిఫ్ట్ (పైకి లేచే ఎత్తు) దగ్గర కొలిచింది వేస్తారు. ఒకే క్యామ్‌కు ఈ రెండింటి మధ్య 40 డిగ్రీల దాకా తేడా రావచ్చు. నా మటుకు, సిటీలో తిరిగే బండికి కంపెనీ క్యామ్ కంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువుంటే చాలు. రెండింటి మధ్య ఎటూ తేలకపోతే చిన్నదే కొనండి.

లిఫ్ట్ విషయంలో ఇంత పిసినారితనం అక్కర్లేదు, కింది టార్క్ అంతగా పోదు. కాకపోతే పూర్తి లిఫ్ట్‌లో వాల్వ్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా కనీసం 1 మిల్లీమీటరు ఖాళీ మిగలాలి.

ఇక అసలు పరీక్ష: పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య దూరం. హెడ్ విప్పినప్పుడు పిస్టన్ మీద వాల్వ్ గుంటలున్న చోట పిల్లలు ఆడుకునే క్లే అర సెంటీమీటరు మందాన అద్దండి. పైన కాస్త ఆయిల్ రాయండి, లేకపోతే వాల్వ్‌కు అంటుకుని లేచొస్తుంది. పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, టైమింగ్ బెల్టు కట్టి, క్రాంక్‌ను స్పానర్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, బలం పెట్టొద్దు. మళ్లీ హెడ్ తీసి, ముద్ర పడిన చోట క్లేను బ్లేడుతో నిలువునా కోసి, బాగా పలచబడ్డ చోట వెర్నియర్‌తో కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ ఎక్కువ వేడెక్కి సాగుతుంది, పైగా పిస్టన్ దాన్ని వెనకనుంచి తరుముకొస్తుంది. కంప్రెషన్ కోసం హెడ్ ఫేసింగ్ చేయించి ఉంటే ఈ దూరం అప్పటికే తగ్గి ఉంటుంది. వీవీటీ (నడుస్తుండగానే వాల్వ్ టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజనులో ఇన్‌టేక్ క్యామ్ పూర్తిగా ముందుకు జరిగిన స్థితిలో కూడా కొలవాలి.

బ్రేకులనూ మరవొద్దు. సముద్రమట్టం దగ్గర ఐడిలింగ్‌లో మానిఫోల్డ్‌లో 18 అంగుళాల (పాదరసం) వ్యాక్యూమ్ చూపించే ఇంజను బెంగళూరులో మూడంగుళాలు తక్కువ చూపిస్తుంది. ఓవర్‌ల్యాప్ దాన్ని ఇంకా దించుతుంది. పెడల్‌కు బలం కలిపే బ్రేకు బూస్టర్ పనిచేసేది ఆ వ్యాక్యూమ్‌తోనే కాబట్టి, ట్రాఫిక్‌లో రెండుమూడు సార్లు వరసగా నొక్కితే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

కొత్త క్యామ్‌కు తగ్గట్టు ఈసీయూ (ఇంజను కంప్యూటర్) మ్యాప్ సరిచేయించే ఖర్చు క్యామ్ ధరతో పాటే లెక్కేసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు హద్దులు పెడుతుంది. కాబట్టి ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర ముందే అడిగి ఉంచండి.

క్యామ్ మీద టాపెట్ (లోబ్ తోపును వాల్వ్ వైపు అందించే ముక్క) జారే రకం పాత ఇంజనైతే, లోబ్‌లకు అసెంబ్లీ పేస్టు పట్టించి, మొదటిసారి స్టార్టు కాగానే ఐడిలింగ్‌లో వదలకుండా 20 నిమిషాలు 2000–2500 మధ్య తిప్పండి. ఆ తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చేయండి.