ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ కోడ్‌లో ప్రోటోకాల్ పొరలను విడదీయడం ఎలా

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే వేరే మెషీన్‌లోని ఫైళ్లని నెట్‌వర్క్ మీదుగా వాడుకునే ప్రోటోకాల్. దాని క్లయింట్‌లో అన్ని వెర్షన్లకూ ఉమ్మడిగా ఉండాల్సిన కోడ్‌లో ‘వెర్షన్ 4 అయితే ఇలా, లేకపోతే అలా’ అనే ఇఫ్ కనిపిస్తే, కింది పొర వివరాలు పైకి కారుతున్నాయన్నమాట. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో స్టోరేజ్ కోడ్ మీద పనిచేసేవాళ్లకి, లైనక్స్ క్లయింట్‌నే ఉదాహరణగా తీసుకుని, ఆ ఇఫ్‌లు తీసే పద్ధతి చెబుతాం.

ముందు ఏ పని ఎవరిదో తేల్చుకోండి. ఐనోడ్లు (ఫైల్ వివరాల రికార్డులు), పేజ్ క్యాష్ (మెమరీలో ఉంచుకున్న ఫైల్ డేటా), రైట్‌బ్యాక్ (మారిన డేటాని తర్వాత సర్వర్‌కి రాయడం) పై పొరవి. ఒక్కో ప్రోటోకాల్ వెర్షన్‌కి విడిగా ఉండే వెర్షన్ కోడ్ మధ్యలో ఉంటుంది. బైట్లు పేర్చడం ఎక్స్‌డీఆర్ (డేటాని నెట్‌వర్క్ మీద పంపే రూపంలోకి మార్చే పద్ధతి) పని, పంపడం, మళ్లీ పంపడం ఆర్‌పీసీ (అవతలి మెషీన్‌లోని ఫంక్షన్‌ని పిలిచే పద్ధతి) పని. పై పొర వెర్షన్ కోడ్‌ని ఎన్‌ఎఫ్‌ఎస్ ఆర్‌పీసీ ఆప్స్ అనే ఫంక్షన్ పాయింటర్ల టేబుల్ ద్వారానే పిలవాలి. 2012లో వచ్చిన 3.6 కెర్నెల్ నుంచి వెర్షన్లు విడి మాడ్యూళ్లు అయ్యాయి కాబట్టి ఒక తేలిక పరీక్ష ఉంది: కాన్ఫిగ్‌లో వెర్షన్ 4 ఆపేసి బిల్డ్ చేయండి. లింకర్ ‘ఈ సింబల్ లేదు’ అని ఆగిన ప్రతిచోటా టేబుల్‌ని దాటి నేరుగా పిలిచారని అర్థం. ఇఫ్‌లు మాత్రం దీనికి దొరకవు, వాటిని గ్రెప్‌తో వెతకాలి.

దొరికిన ఇఫ్‌ని అలాగే కిందికి నెట్టేయకండి. అది అసలు ఏం అడుగుతోందో చూడండి. ఫైల్ మారిందా లేదా అన్న ప్రశ్నే తీసుకోండి. వెర్షన్ 4 సర్వర్ 64 బిట్ల చేంజ్ అట్రిబ్యూట్ (ఫైల్ మారినప్పుడల్లా మారే సంఖ్య) పంపుతుంది, వెర్షన్ 3లో అది లేదు. సర్వర్ జవాబుని డీకోడ్ చేసేటప్పుడే సీటైమ్ (ఫైల్ లేదా దాని వివరాలు చివరిసారి మారిన సమయం) నుంచి ఆ విలువ తయారుచేస్తే, పై పొరకి రెండు సంఖ్యలు పోల్చడమే మిగులుతుంది. టేబుల్‌లో కొత్త పాయింటర్ చేరిస్తే అన్ని వెర్షన్లలోనూ నింపండి. ఒక్కచోట ఖాళీ వదిలినా ఆ మౌంట్ మీద నల్ పాయింటర్ ఊప్స్ (కెర్నెల్ లోపలి క్రాష్) వస్తుంది.

ఎర్రర్ కోడ్‌లు కూడా డీకోడర్ దాటకముందే మారిపోవాలి. స్టేల్ హ్యాండిల్ (సర్వర్‌లో ఇక లేని ఫైల్‌ని అడిగారన్న ఎర్రర్) వైర్ మీద, అంటే నెట్‌వర్క్ సందేశంలో 70, లైనక్స్‌లో 116. మార్చడం మరిచిపోతే అప్లికేషన్‌కి అదే 70 కమ్యూనికేషన్ ఎర్రర్‌గా కనిపిస్తుంది, మనుషులు రోజుల తరబడి నెట్‌వర్క్‌ని అనుమానిస్తారు.

అన్నిటికన్నా ప్రమాదం రీట్రై రెండు పొరల్లో ఉండటం. వెర్షన్ 3లో ఆర్‌పీసీ మళ్లీ పంపేటప్పుడు పాత ఎక్స్‌ఐడీనే (ఒక్కో రిక్వెస్ట్‌కి ఇచ్చే నంబర్) వాడుతుంది. దాన్ని బట్టే సర్వర్ ఈమధ్య ఇచ్చిన జవాబులు దాచుకునే తన డూప్లికేట్ క్యాష్‌లోంచి పాత జవాబు తీసి ఇస్తుంది. టైమవుట్ అయిందని పై పొర తనంతట తాను రిమూవ్‌ని (ఫైల్ తీసేయమనే రిక్వెస్ట్) కొత్తగా పంపితే ఎక్స్‌ఐడీ మారిపోతుంది. మొదటిసారే ఫైల్ పోయింది కాబట్టి రెండోసారి ‘ఫైల్ లేదు’ అని జవాబు వస్తుంది. పని సరిగ్గా జరిగినా యూజర్‌కి ఎర్రర్! అందుకే టైమవుట్ ఆర్‌పీసీకే వదిలేయండి. ‘కాసేపాగి రా’ అని సర్వర్ చెప్పే 10008 మాత్రం వెర్షన్ కోడ్ చూసుకోవాలి: లైనక్స్‌లో వెర్షన్ 3 ఐదు సెకన్లు ఆగుతుంది, వెర్షన్ 4 సెకనులో పదో వంతుతో మొదలుపెట్టి 15 సెకన్ల దాకా పెంచుకుంటూ పోతుంది.

కోడ్‌ని చోటు మార్చే ప్యాచ్‌లో ప్రవర్తన మార్చకండి. ప్రతి ప్యాచ్ విడిగా కంపైల్ కావాలి, లేకపోతే తర్వాత బైసెక్ట్ (ఏ ప్యాచ్‌తో తప్పు వచ్చిందో సగం సగంగా వెతకడం) పనికిరాదు.

చివరగా, ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి 3, 4.0, 4.1, 4.2 మౌంట్లన్నిటి మీదా అవే టెస్టులు నడపండి. ఫైల్ పేరు ‘టెస్ట్’ అని ఇంగ్లిష్‌లో పెడితే సరిగ్గా నాలుగు బైట్లు, ప్యాడింగ్ (పొడవుని నాలుగు బైట్ల గుణిజం చేసే అదనపు సున్నాలు) తప్పు బయటపడదు. ‘హైదరాబాద్’ అని తెలుగులో పెట్టండి. యూటీఎఫ్-8లో తొమ్మిది కోడ్‌పాయింట్లు, ఒక్కోటి మూడేసి బైట్లు, మొత్తం 27. ఎక్స్‌డీఆర్ నాలుగు బైట్ల పొడవు గడిలో 27 అని రాసి, పేరు పెట్టి, చివర ఒక సున్నా బైటు చేర్చాలి: మొత్తం 32. టీసీపీడంప్‌లో (నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపే టూల్) పొడవు 28 అని కనిపిస్తే, ప్యాడింగ్‌ని పై పొరలో ఎవరో ముందే కలిపేశారు.