శ్రీహరికోటలో రాకెట్ లాంచ్ చూడాలంటే అప్లై ఎట్లా చేయాలి, ఎక్కడిదాకా పోవచ్చు (హైదరాబాద్ వాళ్ళ కోసం)

లాంచ్ డేట్ వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే అడుగుడు, శ్రీహరికోటకి ఎట్లా పోవాలి, లోపలికి రానిస్తారా, బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీలో ఎవరైనా తెలిసినోళ్ళుంటే పాస్ ఇప్పిస్తారా అని. ముందు బాలానగర్ సంగతి తేల్చేద్దాం. ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఇస్రోదే, కానీ వాళ్ళది శాటిలైట్ డేటా పని, లాంచ్ పాసులతో వాళ్ళకేం సంబంధం లేదు. మనలాంటి మామూలు పబ్లిక్‌కి ఉన్నది లాంచ్ వ్యూ గ్యాలరీ, దానికి షార్ (శ్రీహరికోటలోని ఇస్రో లాంచ్ సెంటర్) సైట్‌లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, అది కూడా ఫ్రీనే. ఎవరైనా టికెట్ అని, సర్వీస్ చార్జ్ అని డబ్బులడిగితే ఫోన్ పెట్టేయండి.

ఈ గ్యాలరీ 2019 మార్చి 31న ఓపెన్ అయింది, మర్నాడే పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్ లాంచ్, పబ్లిక్ అక్కడ కూర్చుని చూసింది దాన్నే ముందు. అప్పుడు 5,000 మందికి సీటింగ్ అన్నారు. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది గానీ చంద్రయాన్ లాంటి పెద్ద మిషన్ వచ్చిందంటే ఇటు మనోళ్ళు, అటు చెన్నై వాళ్ళు, బెంగళూరు వాళ్ళు అందరూ ఒకేసారి పడతారు, స్లాట్లు కళ్ళ ముందే అయిపోతాయి.

ఇక విధానం. రిజిస్ట్రేషన్ ఎప్పుడూ ఓపెన్ ఉండదు, ఒక్కో లాంచ్‌కి విడిగా తెరుస్తారు, ఏ రోజు ఎన్ని గంటలకి అనేది ఇస్రో వాళ్ళ అఫీషియల్ అకౌంట్లలో, సైట్‌లో పెడతారు. వాట్సాప్ గ్రూపులో తిరిగే లింక్ నొక్కకండి, షార్ అఫీషియల్ సైట్‌కి మీరే వెళ్ళి అక్కడినుంచి గ్యాలరీ పేజీలోకి పోండి, అడ్రస్‌లో జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. టైమ్‌కి అయిదు పది నిమిషాల ముందే కూర్చుని, వచ్చేవాళ్ళందరి పేర్లు, ఐడీ నంబర్లు ఒక నోట్‌లో టైప్ చేసి పెట్టుకోండి, అప్పటికప్పుడు అమ్మ ఆధార్ ఎక్కడ, బాబాయ్ నంబర్ ఎంత అని వెతుక్కుంటే అయిపోయినట్టే. పిల్లల వయసుకి, ఐడీలకి ఆ లాంచ్‌కి ఏ షరతులు పెట్టారో ఆ పేజీలోనే ఉంటాయి, అవి చదవకుండా కింద టిక్ పెట్టేయకండి.

మన తెలుగోళ్ళకి అసలు చిక్కంతా పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పొట్టిగా ఒక అక్షరం, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ వెనకాల, డ్రైవింగ్ లైసెన్స్‌లో అసలు ఇంటిపేరే ఉండదు. ఫారంలో ఏ ఐడీ నంబర్ ఇస్తారో ఆ కార్డు మీద ఎట్లా ఉందో అచ్చం అట్లాగే కొట్టండి, చుక్కలతో సహా. పోయే రోజు అదే కార్డు ఒరిజినల్ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తా సార్ అంటే గేటు దగ్గర ఆర్గ్యుమెంటే మిగుల్తుంది. అప్లికేషన్ అయ్యాక వచ్చే పాస్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కూడా తీసుకోండి, అంత జనంలో అందరికీ ఒకేసారి సిగ్నల్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

ప్రయాణం సింపులే. చెన్నై లైన్‌లో గూడూరు దాటాక సూళ్ళూరుపేట, తిరుపతి జిల్లా (2022కి ముందు నెల్లూరు జిల్లా). అక్కడినుంచి పులికాట్ సరస్సు మధ్యలోంచి రోడ్డు, శీతాకాలంలో అయితే రెండు పక్కలా ఫ్లెమింగోలే. సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ గుడి ఉంటుంది, లాంచ్‌కి ముందు ఇస్రో చైర్మన్లే వచ్చి దండం పెట్టుకుపోతారు, టైముంటే మీరూ పెట్టుకోండి. లాంచ్ రోజు చెక్‌పోస్టులు, వాహనాల లైన్లు ఉంటాయి కాబట్టి గంట ముందు చేరతాంలే అనే లెక్క పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం, దీన్నే జనం తేలిగ్గా తీసుకుంటారు. మీ చేతిలో ఉన్న పాస్ గ్యాలరీ వరకే, శ్రీహరికోట మొత్తానికి కాదు. అది దాదాపు 145 చదరపు కిలోమీటర్ల స్థలం, కాపలా సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్ళది. వాళ్ళని మాల్ దగ్గర ఉండే సెక్యూరిటీ అనుకోవద్దు, 1968 నాటి సీఐఎస్‌ఎఫ్ చట్టం ప్రకారం కొన్ని సందర్భాల్లో వారంట్ లేకుండానే పట్టుకుని పోలీసులకి అప్పగించే అధికారం వాళ్ళకుంది. నేరం చేసే ఉద్దేశంతోనో, అక్కడివాళ్ళని బెదిరించే, ఇబ్బంది పెట్టే ఉద్దేశంతోనో చొరబడితే భారతీయ న్యాయ సంహిత 329 కింద అక్రమ ప్రవేశం, మూడు నెలల దాకా జైలు లేదా 5,000 వరకు జరిమానా లేదా రెండూ. ఇక దానిమీద 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఒకటుంది. దేశ భద్రతకి నష్టం చేసే ఉద్దేశంతో నిషిద్ధ ప్రదేశం దగ్గరికి వెళ్ళినా, దాని స్కెచ్ గీసినా సెక్షన్ 3 పడుతుంది, రక్షణకి సంబంధించినవైతే 14 ఏళ్ళ దాకా, మిగతా వాటికి మూడేళ్ళ దాకా. నాకట్లాంటి ఉద్దేశమే లేదండీ అంటే సరిపోతుందా అంటే, పరిస్థితుల్ని, మనిషి నడవడికని బట్టి కూడా ఉద్దేశాన్ని నిర్ధారించొచ్చని ఆ చట్టంలోనే రాసి ఉంది. రీల్ కోసం బ్యారికేడ్ దాటే కుర్రాళ్ళకి ఎవరైనా ఈ ఒక్క లైన్ చదివి వినిపించాలి.

డ్రోన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పెళ్ళి వీడియోగ్రాఫర్ల దగ్గర కూడా డ్రోన్ ఉంది. 2021 డ్రోన్ రూల్స్‌లో ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా పెట్టారు, ఎరుపులో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ పర్మిషన్ ఉండాల్సిందే, రూల్స్ తప్పితే లక్ష రూపాయల దాకా పెనాల్టీ. ఆ జోన్ల మ్యాప్ డిజిటల్ స్కై అనే ప్రభుత్వ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. గ్యాలరీకైతే డ్రోన్ బ్యాగే తేవద్దు, బస్సులో పెట్టా అన్నా అనుమానమే.

ఇంత లొల్లి ఎందుకు అని విసుక్కునేవాళ్ళు ఉంటారు. అక్కడ ఉండేది వట్టి రాకెట్ కాదు కదా, టన్నుల కొద్దీ ఘన ఇంధనం, పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోనే 139 టన్నులు, రెండో దశలో విషపూరితమైన ద్రవ ఇంధనం. 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధన ప్లాంట్‌లో మంటలొచ్చి ఆరుగురు సిబ్బంది చనిపోయారు. లాంచ్ రోజు సముద్రంలో మత్స్యకారుల్ని ఆపడం, విమానాలకి ముందే నోటామ్ (పైలట్లకిచ్చే హెచ్చరిక నోటీసు) ఇవ్వడం ఇవన్నీ ఆ జాగ్రత్తలో భాగమే.

స్టార్టప్ వాళ్ళు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట, మన హైదరాబాద్ ప్రైవేట్ రాకెట్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ని అక్కడినుంచే పంపింది కదా, అట్లా పంపాలంటే గ్యాలరీ ఫారం కాదు, ఇన్-స్పేస్ (ప్రైవేట్ అంతరిక్ష కంపెనీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) అథరైజేషన్, అది వేరే పెద్ద కథ. కాలేజీ వాళ్ళు స్టూడెంట్లతో సెంటర్ చూడాలంటే కూడా అది వేరే రిక్వెస్ట్, కాలేజీ లెటర్‌హెడ్ మీద, గ్యాలరీ రిజిస్ట్రేషన్‌తో కలిపేయకండి.

చివరగా వాయిదా. 2019 జూలై 15 తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 వెళ్ళాలి, 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా ఆపేశారు, వారం తర్వాత జూలై 22 మధ్యాహ్నం వెళ్ళింది. 2024 డిసెంబర్‌లో పీఎస్‌ఎల్‌వీ-సీ59 కూడా ఒక రోజు వాయిదా పడింది. అందుకని తిరుగు టికెట్ అదే రాత్రికి బుక్ చేయకండి, వీలైతే ఒక రోజు గ్యాప్ పెట్టుకోండి, డేట్ మారితే పాత పాస్ చెల్లుతుందిలే అని మీకు మీరే అనుకోకుండా సైట్, మెయిల్ రెండూ మళ్ళీ చూసుకున్నాకే బయల్దేరండి.