ఆస్పత్రిలో పుట్టిన ఐడియాను స్టార్టప్ దాకా తీసుకెళ్లడం ఎలా?

తిరుపతిలో స్విమ్స్, రుయా, బర్డ్ ఆస్పత్రులు ఉన్నాయి. ఐఐటీ, ఐసర్, పద్మావతి మహిళా వర్సిటీ కూడా చేరువలోనే ఉన్నాయి. డాక్టరూ ఇంజినీరూ ఇంత దగ్గరగా దొరికే ఊళ్లు తక్కువ. అయినా చాలా ఐడియాలు థీసిస్ అట్టల మధ్యే ఆగిపోతున్నాయి. పనుల వరస తలకిందులవడమే దీనికి ముఖ్యమైన కారణం: ముందు కంపెనీ, తర్వాత పేపరు, ఆ తర్వాత పేటెంటు, ఎవరు కొంటారన్న ప్రశ్న అన్నిటికంటే చివర. పరిశోధకులకూ, వాళ్లకు తోడుండే కాలేజీ రీసెర్చ్ సెల్ వాళ్లకూ సరైన వరస కింద ఉంది.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. డయాలసిస్ రోగి చేతిలోని ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపి చేసిన రక్తమార్గం) మీద వేళ్లు ఆనిస్తే పిల్లి గురగురలాడినట్టు సన్నని అదురు తెలుస్తుంది. అది ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. త్వరగా పట్టుకుంటే కాపాడే అవకాశం ఎక్కువ, ఆలస్యమైతే మెడలో కాథెటర్ వేయాల్సి వస్తుంది. ఆ అదురును ఇంట్లోనే రోజూ చూసి చెప్పే చిన్న పరికరం మీ ఐడియా అనుకోండి.

1. ముందు వార్డులో కూర్చోండి. కనీసం రెండు వారాలు అన్ని షిఫ్టులూ చూడండి. ఎంతమందికి ఫిస్టులా మూసుకుపోయింది, ఎప్పుడు తెలిసింది, ఎవరు గుర్తించారు అన్నవి తేదీలతో రాసుకోండి. తర్వాత డబ్బు సంగతి అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) లాంటి పథకం కింద డయాలసిస్ చేయించుకునే రోగి జేబులోంచి తీయడు, ఆస్పత్రికి వచ్చేది ప్యాకేజీ మొత్తమే. మీ పరికరం ఖర్చు అందులోంచి రావాలా, రోగి కొనుక్కోవాలా? సర్కారు ఆస్పత్రుల కొనుగోళ్లు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వ వైద్య కొనుగోళ్ల సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ టెండర్ల మీదే నడుస్తాయి. వాడేది నర్సు, మెచ్చుకునేది డాక్టరు, సంతకం పెట్టేది వేరొకరు. ముగ్గురితోనూ మాట్లాడాకే రెండో మెట్టు.

2. పోస్టరు కంటే ముందు పేటెంటు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కాన్ఫరెన్సులో పోస్టరు పెట్టినా, థీసిస్ అందరికీ అందుబాటులోకి వచ్చినా, కొత్తదనం పోయిందని దరఖాస్తును తిరస్కరించొచ్చు. మన చట్టంలో కొన్ని సందర్భాలకు 12 నెలల వెసులుబాటు ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు, బయటి దేశాల్లో అది పనికిరాకపోవచ్చు. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ గురించిన తాత్కాలిక వివరణ పత్రం) వేయండి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. పూర్తి స్పెసిఫికేషన్‌కు అక్కడి నుంచి 12 నెలల గడువు. ఆంధ్రప్రదేశ్ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందకి వస్తుంది, అయినా రైలెక్కాల్సిన పనిలేదు.

రాసే తీరు కూడా ముఖ్యం. పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఐ) ప్రకారం రోగ నిర్ధారణ, చికిత్స పద్ధతులకు పేటెంట్ రాదు. ‘ఫిస్టులా మూసుకుపోవడాన్ని గుర్తించే పద్ధతి’ అని క్లెయిమ్ (హక్కు కోరే వాక్యం) రాస్తే అక్కడే ఆగిపోతుంది. సెన్సరును చర్మానికి ఆనించే తొడుగు, శబ్దాన్ని వడగట్టే సర్క్యూటు, వాటి అమరిక మీద రాయాలి.

3. ఎవరిదో తేల్చుకోండి. ఆస్పత్రి పరికరాలు, గ్రాంటు వాడితే హక్కు సంస్థదే కావొచ్చు. అప్పుడు మీ కంపెనీ సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఏర్పేడులోని ఐఐటీ విద్యార్థి సర్క్యూటు గీస్తే అతనూ ఆవిష్కర్తే, అతని సంస్థకూ వాటా ఉండొచ్చు. మొదటి నమూనా చేతికి రాకముందే ఎంఓయూ (అవగాహన ఒప్పందం) రాసుకోండి. పరికరం పనిచేయడం మొదలయ్యాక ఈ మాట ఎత్తితే స్నేహాలు చెడతాయి.

4. నమూనా ఒకటి కాదు, అయిదు. టేబుల్ మీద చక్కగా పనిచేసేది వార్డులో మొండికేస్తుంది. చెమటకు అతుకు ఊడుతుంది, స్పిరిట్ తుడుపుకు ప్లాస్టిక్ తెల్లబారుతుంది, పక్క మంచం జరిపినా అదురే అనుకుంటుంది. ప్రతి రీడింగునూ రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్ అయిన కలర్ డాప్లర్‌తో పోల్చి పట్టిక వేయండి. మొదటి నమూనాలు పోయాయని దిగులుపడొద్దు: తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ గుండె కవాటంలో మొదటి మూడు నమూనాలు నిలవలేదు, నాలుగోదాన్నే 1990 డిసెంబరులో రోగికి అమర్చారు.

ఖర్చుకు కేంద్రం వారి నిధి ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా, కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు కింద 18 నెలలకు 50 లక్షల దాకా వచ్చే వీలుంది. బిగ్‌కు కంపెనీ లేకుండా వ్యక్తిగానూ దరఖాస్తు చేయొచ్చు, అయితే ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే సంస్థ) తోడుండాలి. డబ్బు విడతలుగానే వస్తుంది కాబట్టి మైలురాళ్లను అందేలా రాసుకోండి.

5. అనుమతులు. వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి. వాటిలో ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు క్లాసులు. మీరు వాడుకను ఎలా వర్ణిస్తే క్లాసు అలా మారుతుంది. ‘డాక్టరుకు సాయపడే కొలత’, ‘గడ్డను నిర్ధారించే పరికరం’ రెండూ ఒకటి కావు. పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారుచేయడానికి ఎండీ-12 ఫారంలో దరఖాస్తు పెడితే ఎండీ-13 లైసెన్సు ఇస్తారు. ‘శబ్దం రికార్డు చేయడమే కదా’ అని రోగులపై పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీని దాటేయకండి. ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ) నంబరు తీసుకోవాలి. సమ్మతి పత్రం తెలుగులో ఒక్కటే చాలదు. నగరి వైపు నుంచి వచ్చేవాళ్లకు తమిళం, కుప్పం వైపు కొందరికి కన్నడం కావాలి. విద్యుత్ భద్రత పరీక్షలకు విశాఖలోని మెడ్‌టెక్ జోన్ ఉంది. వెళ్లేముందు ఏ ప్రమాణానికి పరీక్షో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి.

6. ఇప్పుడు కంపెనీ. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఉద్యోగంలో ఉన్న డాక్టరు సంస్థ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాల్సిందే. నోటిమాట సరే అనడం లెక్కలోకి రాదు. వాటాలు చెరిసగం అని టీ తాగుతూ తేల్చేయకండి. నాలుగేళ్లలో విడతలుగా దక్కేలా, మొదటి ఏడాదిలోపే వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోండి. పీజీ అయ్యాక సూపర్ స్పెషాలిటీ సీటొచ్చి ఊరు మారే భాగస్వామి ఉంటాడు.

మొదటి పది పరికరాలు ఇచ్చేటప్పుడు ప్రతిదానికీ ఒక నంబరు వేసి, ఫిర్యాదుల రిజిస్టరు తెరవండి. డయాలసిస్ టెక్నీషియన్ చేతికి ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. అది రాత్రి షిఫ్టులోనూ మోగేదై ఉండాలి.