గర్భిణులు ప్రోబయోటిక్ మాత్రలు వాడే ముందు: ఎండాకాలం జాగ్రత్తలు

హన్మకొండలో మా మెడికల్ షాపుకు ఏప్రిల్ రాగానే అత్తలు, అమ్మలు వచ్చి అడిగే మాట ఒకటుంది. "బిడ్డకు ఆరో నెల. ఐరన్ గోలీలతో మలబద్ధకం పట్టింది, ఎండకు కడుపు కూడా బాగుండట్లేదు. ఆ పెరుగు గోలీలేవో ఇయ్యరాదు." వాళ్లడిగేది ప్రోబయోటిక్, అంటే కడుపుకు మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా ఉండే మాత్ర. కడుపుతో ఉన్నవాళ్లకు డాక్టర్ చీటీ లేకుండా నేను ఇవ్వను.

అవి విషమని కాదు. మామూలుగా దొరికే లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం రకాలు వాడినవాళ్లలో గర్భస్రావాలు గానీ, బిడ్డకు అవయవ లోపాలు గానీ పెరిగినట్టు పరిశోధనల్లో కనిపించలేదు. యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు పట్టుకుంటే డాక్టర్లే రాస్తారు. మొదట్లో గ్యాస్, కడుపుబ్బరం ఉండొచ్చు. కొందరికి తెల్లబట్ట ఎక్కువవుతుంది. కానీ నీళ్లలా కారి బట్ట తడిస్తే అది ఉమ్మనీరు కావచ్చు. మాత్ర వల్లే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాకు ఎక్కువ టెన్షన్ బీపీ గురించే. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్‌ను ఇవి ఆపుతాయేమోనని కొన్ని పరీక్షలు చేశారు. వాటన్నిటినీ కలిపి చూసిన సమీక్ష 2021లో వచ్చింది, చేసింది కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ. షుగర్ ఆగుతుందని తేలలేదు. పైగా ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో బీపీ పెరిగి తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వచ్చే జబ్బు, ముప్పు పెరిగినట్టు కనిపించింది. అందుకే షుగర్ రాకుండా ముందుజాగ్రత్తగా అంటూ వీటిని మొదలుపెట్టకండి. ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లు, ఇప్పుడు బీపీ ఉన్నవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

మన దగ్గర ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. తల పగిలేలా నొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, కుడి పక్కటెముకల కింద నొప్పి: వీటిని చూసి "ఎండదెబ్బ, కాస్త సల్ల తాగి పండుకో" అంటారు. ఐదో నెల దాటినవాళ్లలో ఇవి బీపీ గుర్తులు కావచ్చు. ఆ రోజే బీపీ చూపించండి. 140/90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆలస్యం చేయొద్దు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

క్యాన్సర్ మందులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు, ఆసుపత్రిలో పెద్ద రక్తనాళానికి గొట్టం పెట్టి ఉన్నవాళ్లు వీటిని సొంతంగా అసలు ముట్టుకోవద్దు. శాకరోమైసిస్ అని రాసి ఉన్నది ఈస్ట్ రకం. అలాంటివాళ్లకు అది రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది.

డాక్టర్ రాస్తే నిశ్చింతగా వాడండి, కాకపోతే అది ప్రాణమున్న సరుకని గుర్తుంచుకోండి. 40 డిగ్రీలు దాటే మన ఎండలో బైక్ డిక్కీలో పెట్టి తిప్పితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కొన్ని రకాలు ఫ్రిజ్‌లోనే ఉండాలి, కొన్నిటికి నీడ, చల్లదనం చాలు. డబ్బా మీద చదవండి, లేదంటే మమ్మల్ని అడగండి. వేడి పాలల్లో కలపొద్దు. యాంటీబయాటిక్‌కూ దీనికీ కనీసం 2 గంటల ఎడం ఉంచండి. చెకప్‌కు వరంగల్‌లోని సీకేఎం ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి వెళ్లినా, ఊళ్లో పీహెచ్‌సీకి వెళ్లినా వాడుతున్న డబ్బా వెంట తీసుకెళ్లండి.

ఇంటి పెరుగు సంగతి వేరు. బాగా కాగబెట్టిన పాలు తోడేసిన పెరుగు, పలచటి మజ్జిగ రోజూ తీసుకోవచ్చు. ఐరన్ గోలీ మాత్రం పెరుగన్నంతో పాటే వేసుకోకండి, పెరుగులోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. బీపీ ఉంటే మజ్జిగలో ఉప్పు తగ్గించండి. పచ్చిపాలతో చేసినవి, ఎప్పటివో తెలియని బయటి లస్సీలు వద్దు.

ఇంకొకటి. కాన్పు అయ్యాక మిగిలిన సాచెట్లు పసిబిడ్డకు పట్టకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు వీటితో రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ముప్పుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. తల్లికి రాసింది తల్లికే.